మూడో రాడ్డు

పోయినవారం మనం ఆమెను మామగారి రిపేరు షెడ్డు గేటు దగ్గర వదిలేసి వచ్చాం. గేటుకు గొళ్లెం ఎప్పుడో ఊడిపోయింది. దాని బదులు మరిది ఒక ఇనుపతీగ చుట్టి మెలిపెడతాడు. అతనిది ఎడమచేతి వాటం. నలుగురూ పెట్టే మెలిక ఎటు తిప్పితే ఊడుతుందో, అతను పెట్టినది అటు తిప్పితే ఇంకా బిగుస్తుంది. ఆమె రోజూ పొద్దున్నే ముందు తప్పువైపు తిప్పుతుంది, వేలు గీరుకుంటుంది, "నీ మెలిక మండా!" అని మరిదిని తిట్టుకుని అప్పుడు రెండోవైపు తిప్పుతుంది. ఆ పొద్దున కూడా అదే అయింది.

గేటు తోసి చూసేసరికి లారీ బానెట్ ఎత్తి ఉంది. ఇంటివైపు తలుపులోంచి ఎప్పుడొచ్చారో ఏమో, మామగారు దాని ముందు నిలబడి ఉన్నారు. పెద్దకొడుకు, అంటే ఆమె భర్త, పోయినప్పటి నుంచి ఆయన ఆ లారీ మీద చెయ్యి వెయ్యలేదు. షెడ్డులో వేరే బళ్ల పని చేసుకుంటున్నా దానికి వీపు పెట్టే కూర్చునేవారు.

ఆ కొడుకు పోయింది కొండదారిలో. లారీ పక్కకు ఆగి ఉంది, అతను రోడ్డు మీద పడి ఉన్నాడు, వెనక నుంచి ఏదో బండి కొట్టేసి ఆగకుండా పోయింది. కబురు తెచ్చింది మరిదే. లారీని నత్తలా తోలుకుంటూ ఇంటికి చేర్చిందీ అతనే. "ఎవరో చూసి చెప్తే పరిగెత్తాను నాన్నా. నేను వెళ్లేసరికే అయిపోయింది. బాగా తాగి ఉన్నాడు" అన్నాడు తల దించుకుని. ఆ మాటకు సాక్ష్యం చెబుతున్నట్టు శవం నడుముకు బెల్టు లేదు. ప్యాంటు జారిపోతుంటే ఎవరో పురికొస కట్టి తెచ్చారు. చూడవచ్చిన వాళ్లలో ఒకావిడ పక్కావిడ చెవిలో, "బెల్టు కూడా ఎక్కడ పారేసుకున్నాడో తెలియనంత మత్తు" అంది. చెవిలో చెప్పిన మాట గదిలో అందరికీ వినబడింది. సాయంత్రానికి వీధి చివర దాకా పాకింది. మామగారు లేచి గోడవైపు తిరిగి కూర్చున్నారు. కొడుకు ముఖం మళ్లీ చూడలేదు.

ఆమె కష్టం వేరు. అతను తాగుడు మానేశాడు. తన పాప నెత్తిన చెయ్యి పెట్టి మరీ మానేశాడు. మానేశాక ముఖంలో ఉబ్బు దిగింది, పొట్ట తగ్గింది, బెల్టు వదులైంది. ఒకరోజు గుమ్మం మీద కూర్చుని, బెల్టును చెక్క మీద పెట్టి, మేకుతో సుత్తితో ఇంకో బెజ్జం కొట్టుకున్నాడు. అది వరసలో పడలేదు, కాస్త పక్కకు పోయింది. "చూడవే, నీ ఒట్టు నా నడుం తినేసింది" అని నవ్వాడు. అలాంటివాడు మాట తప్పి పోయాడా? మనిషి పోయిన బాధ ఒకటైతే, మాట తప్పి పోయాడన్నది ఇంకొకటి. ఏడుద్దామని కూర్చుంటే బెల్టు గుర్తొచ్చేది. కళ్లలోకి వచ్చిన నీళ్లు అక్కడే ఇంకిపోయేవి.

"వచ్చావా? ఎక్కు" అన్నారు మామగారు, ఆమె వైపు చూడకుండానే.

"ఎక్కడికి మావయ్యా?"

"బండిలోకి. ఇవాళ పాత ఇనుమాయన వస్తానన్నాడుగా. ఇచ్చేముందు ఒకసారి విని ఇస్తా. వినకుండా ఇచ్చేస్తే రేపు నా చెవులే నన్ను తిడతాయి."

వినమని ఆమె అడిగి అడిగి అలిసిపోయి ఊరుకుంది. తుక్కు కింద ఇచ్చేద్దామని తొందరపెడుతున్నది మరిది. "అది కళ్లెదురుగా ఉంటే అన్న గుర్తొస్తాడు వదినా" అంటాడు. ఆ మాట కాదనడానికి ఆమెకు నోరు వచ్చేది కాదు.

లారీకి భర్త పెట్టిన పేరు ముసలిది. "ఇంట్లో ఒకతె, రోడ్డు మీద ఒకతె. ఇద్దరిలో నోరు దానికే తక్కువ" అని ఏడిపించేవాడు. ఆమె దాన్ని సవతి అనేది. సవతి అంటూనే దాని అద్దాలు తుడిచేది, చిరిగిన సీట్లు కుట్టేది. ఇప్పుడు ఎక్కి కూర్చుంటే డ్రైవరు సీటులో అతని ఒంటి బరువుకు పడిన గుంట అలాగే ఉంది. ఆమె ఆ గుంటలో సరిపోలేదు. ఒక పక్కకు ఒరిగి, తాళం తిప్పింది.

ముసలిది రెండుసార్లు మూలిగి అందుకుంది. ఆమె తల బయటికి పెట్టి, "బాగానే ఉంది కదా మావయ్యా!" అని అరిచింది.

"ఆగు. చల్లగా ఉన్నంతసేపు అందరూ మంచివాళ్లే. ఒళ్లు వేడెక్కనీ, అప్పుడు తెలుస్తుంది బుద్ధి."

ఒళ్లు వేడెక్కింది. అప్పటిదాకా చిక్కగా ఉన్న నూనె పల్చబడింది. ముందు ఆ చప్పుడు చెవికి వినబడలేదు. ఆమె అరికాళ్లకు తెలిసింది. తర్వాత వినబడింది. దణ్... దణ్... దణ్. కింద గదిలో ఎవరినో పెట్టి తాళం వేస్తే, తెరవమని లోపలి నుంచి తలుపు కొడుతున్నట్టు ఉంది.

"నూనె ఒత్తిడి ముల్లు ఎక్కడుంది?"

"పడిపోతోంది మావయ్యా. ఎర్రగీత దగ్గరికి వచ్చేసింది."

"రానీ. కొద్దిగా రేజ్ చెయ్... చాలు, చాలు, దాన్ని చంపకు."

ఆయన పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, మొన ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి కళ్లు మూసుకున్నారు. పైన ఒకచోట, మధ్యలో ఒకచోట, బాగా కిందికి వంగి ఇంకోచోట. డాక్టరు రోగి వీపు మీద గొట్టం జరిపినట్టు జరుపుకుంటూ పోయారు.

"పైన టకటకమంటున్నది వాల్వులు. అది ఈ వయసులో ఉండే దగ్గే, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. కొట్టేది కింద. కడుపులోంచి వస్తోంది."

తర్వాత స్పానరు తీసుకుని, ఒక్కో సిలిండరుకు డీజిలు మోసే సన్నగొట్టం నట్టును కాస్త వదులు చేయడం మొదలుపెట్టారు. ఒకటి వదులు చేస్తే ఆ సిలిండరు పని మానేస్తుంది, ఇంజను కుంటుతుంది. కుంటినా చప్పుడు అలాగే ఉంటే జబ్బు అక్కడ లేనట్టు. మొదటిది వదులు చేశారు. దణ్ దణ్ మారలేదు. బిగించి రెండోది వదులు చేశారు. మారలేదు. మూడోది వదులు చేయగానే తలుపు కొడుతున్న మనిషి చేతికి ఎవరో గుడ్డ చుట్టినట్టు చప్పుడు మెత్తబడిపోయింది.

"మూడోది" అన్నారిద్దరూ ఒకేసారి.

ఆయన మొదటిసారి తల తిప్పి ఆమె వైపు చూశారు. "నీకు చెవి ఉందే అమ్మాయ్" అన్నారు. మరుక్షణమే ముఖం మళ్లీ బిగుసుకుంది. "ఆపెయ్. బేరింగులు పోయాయి."

ఆమెకు ఆ మాట కొత్తది కాదు. భర్త అన్నం తింటూ పళ్లెంలో రెండు చెంచాలు పెట్టి చెప్పేవాడు. పిస్టను కిందికి తోస్తుంది. ఆ తోపును రాడ్డు తీసుకెళ్లి క్రాంకు షాఫ్టుకు, అంటే తిరిగే ఇరుసుకు, ఇస్తుంది. రాడ్డు క్రాంకును పట్టుకునే చోట, సగం చేతిగాజులాంటి రేకులు రెండు ఉంటాయి. అవే బేరింగులు. ఆ రేకులకూ క్రాంకుకూ మధ్య నూనె పొర ఉన్నంతకాలం ఎవరికీ బాధ లేదు. రేకులు అరిగితే సందు పెరుగుతుంది. సందు పెరిగితే ఇనుము వెళ్లి ఇనుమును కొడుతుంది. "సంసారం లాంటిదేనే. ఎంత దగ్గరున్నా మధ్యలో కాస్త నూనె ఉండాలి" అనేవాడు.

"నూనె చూసుకోలేదు వెధవ" అన్నారు మామగారు చేతులు తుడుచుకుంటూ. "తాగి తోలేవాడికి ఇంజను గోడు ఎక్కడ వినబడుతుంది? మూడు మైళ్ల ముందు నుంచి మొత్తుకుని ఉంటుంది ఇది."

ఆమె సీటు గుంటలో చెయ్యి పెట్టుకుని కూర్చుంది. మనిషినే కాక, అతని పనిని కూడా అంటున్నారు ఇప్పుడు. అది అతను ఉన్నప్పుడు ఎవరూ అనలేదు.

"ఇంకా ప్రాణం ఉందా మీ ముసలిదానికి? నేను శవం ఎత్తుకుపోదామని వచ్చాను!" అంటూ పాత ఇనుమాయన లోపలికి వచ్చాడు. లావుపాటి మనిషి. మాట జారాక గానీ ఎవరి ముందు అన్నాడో గుర్తు రాలేదు. ఆమెను చూసి నాలుక కరుచుకున్నాడు. "నా నోటికి కూడా ఏదైనా గొళ్లెం ఉంటే బాగుండేదమ్మా. పట్టించుకోకు."

"ఊరికే నిలబడకుండా ఒక చెయ్యి వెయ్యి" అన్నారు మామగారు. "కడుపు విప్పి చూసి ఇస్తాను నీకు."

"విప్పడం ఎందుకు పెద్దాయనా, నాకు ఎలాగున్నా ఒకటే తూకం."

"నాకు ఒకటి కాదు."

ముందు నూనె దించారు. పళ్లెంలోకి నల్లగా ధార పడింది. మామగారు అందులో రెండు వేళ్లు ముంచి, షెడ్డు రేకు సందులోంచి పడుతున్న ఎండలో పెట్టి చూశారు. వేళ్ల మీద నలుపులో సన్నటి మెరుపు. అద్దం నూరి పోసినట్టుంది. "చూశావా? ఇదంతా బేరింగే. అరిగి నూనెలో కలిసిపోయింది" అన్నారు. అంతలో ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. వేళ్ల మధ్య ఇంకేదో తగిలింది. గోధుమరంగు పీచు.

"గుడ్డపీలిక పడి ఉంటుందేమో మావయ్యా."

"గుడ్డ కాదు ఇది."

ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టిని వాళ్లు చాంబరు అంటారు. దాని బోల్టులన్నీ తీశాక, పాత ఇనుమాయన ఒక కొస, ఆమె ఒక కొస పట్టుకున్నారు. "జాగ్రత్త, ఇది ఒక్కరి వల్ల దిగేది కాదు" అని మామగారు చెబుతూనే ఉన్నారు, బరువు ఒక్కసారిగా చేతుల మీదికి వచ్చింది. పాత ఇనుమాయన "అమ్మో" అని కూలబడ్డాడు. దాన్ని పక్కకు లాగి, గోనెసంచి పరిచి, మామగారు వెల్లకిలా పడుకుని లారీ కిందికి పాకారు. ఆమె దీపం పట్టుకుని పక్కనే పడుకుంది. పైన క్రాంకు, దానికి వేలాడుతున్న రాడ్లు, ఇంకా చుక్కలు చుక్కలుగా కారుతున్న నూనె.

మొదటి రాడ్డు మూత విప్పి రేకును బయటికి తీశారు. పైన ఉండాల్సిన బూడిదరంగు పూత అరిగిపోయి, రాగి బయటపడి ఉంది. క్రాంకు మీద గోరు పెట్టి అడ్డంగా గీశారు. గోరు గీతల్లో తట్టుకుని ఆగింది. "షాఫ్టుకు కూడా దెబ్బ తగిలింది" అని గొణిగారు. రెండోదీ అంతే. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగిపోయింది.

"దీపం దగ్గరికి పట్టు."

మిగతా రాడ్ల నట్లు కదలకుండా పిన్నులు ఉన్నాయి. మూడోదానికి పిన్నులు లేవు. ఒక్కో నట్టుకు కంచె తీగ దూర్చి మెలిపెట్టి ఉంది.

"ఎవడి పని ఇది? నా షెడ్డులో ఎవడూ ఇలా చెయ్యడు." ఆయన పట్టకారు అందుకున్నారు గానీ, పైకెత్తిన చేతుల్లో వేళ్లు వంగలేదు. "నా వల్ల కావడం లేదు. నువ్వు విప్పు తల్లీ."

ఆమె మొదటి నట్టు తీగను పట్టుకుని తిప్పింది. చక్కగా ఊడి వచ్చింది. రెండోదాన్ని అలాగే తిప్పింది. అది ఊడలేదు, ఇంకా బిగుసుకుంది. తీగ కొస పొద్దున గీరుకున్నచోటే మళ్లీ గుచ్చుకుంది. అలవాటైన తిట్టు నోటి దాకా వచ్చింది. రెండోవైపు తిప్పితే వదిలింది. రెండు తీగముక్కలనూ పళ్లెంలో పడేసింది. మామగారు అప్పటికే స్పానరు ఎక్కించి నట్లు తిప్పుతున్నారు.

మూత చేతిలోకి వచ్చింది. అందులో రేకు లేదు.

తోలు ఉంది. నూనె తాగి, మాడి, చాలావరకు నల్లబడిపోయిన తోలు ముక్క. మూత గుండ్రనికి సరిగ్గా అతుక్కుని ఉంది. మామగారు దాన్ని గోటితో లేపి దీపం దగ్గర పెట్టారు. తోలు మీద వరసగా బెజ్జాలు. వరస తప్పి, కాస్త పక్కకు, అంచులు చిరిగినట్టు ఇంకో బెజ్జం.

ఆమె దీపాన్ని ఇంకా దగ్గరికి జరిపింది.

"మావయ్యా, అది... ఆ బెజ్జం మేకుతో కొట్టింది. మా గుమ్మం మీద కొట్టాడు."

ఆయన ఆ బెజ్జాన్ని వేలితో తడిమారు. బయట పాత ఇనుమాయన బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి. "ఏమైంది పెద్దాయనా? లోపల నిద్రపోయారా ఇద్దరూ?" అని అడిగాడు. తనే మెల్లగా వంగి చూశాడు.

"ఇది నేను నేర్పిన పని" అన్నారు మామగారు. ఆ గొంతు ఆమె ఎప్పుడూ విన్నది కాదు. "వాడికి మీసాలు రాకముందు, నాతో లారీ ఎక్కే రోజుల్లో, దారి మధ్యలో బేరింగు పోయింది. చుట్టుపక్కల కొట్టూ లేదు, మనిషీ లేడు. నా నడుం బెల్టు తీసి కోసి వేశాను. వాడు దీపం పట్టుకున్నాడు, ఇప్పుడు నువ్వు పట్టుకున్నట్టే. రాడ్డు వెడల్పుకు కొయ్యాలి. నూనెలో నానెయ్యాలి. గరుకువైపు మూతకు, నున్నటివైపు షాఫ్టుకు. బెల్టుకు బెజ్జాలు ఉన్న చోటు, షాఫ్టులోంచి నూనె వచ్చే రంధ్రం ఎదురుగా పడాలి. అలా పెడితే నెమ్మదిగా ఇల్లు చేరొచ్చు. ఇది పుస్తకాల్లో ఉండదు. ఇంకెవరికీ చెప్పలేదు నేను. చిన్నోడికి కూడా చూపించలేదు, వాడికి ఓపిక తక్కువ."

తోలు కొసను ఆమె కళ్ల ముందు పెట్టారు. "ఇక్కడ చూడు. కొసలు ఏటవాలుగా చెక్కాడు. రెండు ముక్కలూ కలిసేచోట ఎత్తు రాకుండా. నేను కూడా ఇంత సన్నంగా చెక్కలేదు. నాకంటే బాగా చేశాడమ్మా."

వెల్లకిలా పడుకున్న మనిషి కన్నీళ్లు బుగ్గల మీదికి రాలేదు. కణతల మీదుగా జారి చెవుల్లోకి పోయాయి. ఇంజన్లు వినే ఆ చెవుల్లోకి.

"తాగినవాడు నట్టు మీద స్పానరు పెట్టలేడు తల్లీ. ఈ పని తాగినవాడి చెయ్యి చెయ్యదు. ఇంజను మొత్తుకుంటే వాడు విన్నాడు. విని ఆపాడు. ఆపి, రోడ్డు మీద పడుకుని..." ఆయన చేత్తో ముఖం కప్పుకున్నారు. చేతి నూనె నుదుటికి అంటుకుంది. "నేను వాడి ముఖం చూడలేదు అమ్మాయ్. గోడవైపు తిరిగాను. చొక్కా నిండా నూనె మరకలు ఉన్నాయని ఎవరో అంటే, మురికివెధవ అనుకున్నాను. నూనె మరకలు ఎందుకుంటాయో నాకు తెలియదా? నా బతుకంతా ఆ మరకలే కదా?"

ఆమె దీపాన్ని నేల మీద పెట్టింది. లారీ కింద, మామగారి పక్కన, నూనె చుక్కలు జుట్టు మీద పడుతుండగా, భర్త పోయాక మొదటిసారి తనివితీరా ఏడ్చింది. ఇప్పుడు మధ్యలో ఆ బెల్టు అడ్డు రాలేదు. బెల్టు ఎక్కడుందో తెలిసింది. పాప నెత్తిన పెట్టిన చెయ్యి అబద్ధం ఆడలేదు. మాట మీద నిలబడిన మనిషి కోసం ఏడవడంలో కూడా ఒక నెమ్మది ఉంటుందని, అది కూడా ఇన్నాళ్లూ తనకు దొరకలేదని ఆమెకు అప్పుడు తెలిసింది.

పాత ఇనుమాయన నెమ్మదిగా లేచాడు. ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది. "నేను వస్తాను పెద్దాయనా. ఇది నా తూకానికి వచ్చే సరుకు కాదు" అన్నాడు. గేటు దాకా వెళ్లి, మళ్లీ తిరిగొచ్చి, "ఆ బెల్టు మాట నేనూ నలుగురి దగ్గర అన్నానమ్మా. ఇవాళ సాయంత్రం లోపు ఆ నలుగురికీ నేనే చెప్పుకుంటాను" అని గబగబా వెళ్లిపోయాడు. పోతూ పోతూ గేటు వేయడం మరిచిపోయాడు.

మామగారు లారీ కింద నుంచి ఇవతలికి వచ్చి, తోలుముక్కను శుభ్రమైన గుడ్డలో పెట్టారు. ముఖం తుడుచుకోవడం మరిచిపోయారు. నుదుటి మీద నూనెతో, తడి కళ్లతో, ఏదో పదేళ్లు వెనక్కి వెళ్లిన మనిషిలా ఉన్నారు.

"ముసలిది ఎక్కడికీ పోదు. క్రాంకు విప్పి సానకు ఇస్తాను. గీతలు పోయేదాకా అరగదీయించి, దానికి తగ్గ లావు బేరింగులు తెప్పిస్తాను. నా వేళ్లు వంగకపోతే నీ వేళ్లు ఉన్నాయి." నేల మీది చాంబరు వైపు చూశారు. "కానీ అమ్మాయ్, నాకొకటి తోస్తోంది. ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకడు కింద పడుకుంటే, ముందు నుంచి హ్యాండిలు వేసి క్రాంకు తిప్పేవాడు ఇంకొకడు ఉండాలి. ఆ చాంబరు ఒంటరిగా ఎవడు ఎత్తగలడు? ఇప్పుడు మీరిద్దరూ పట్టుకుంటేనే అతను కూలబడ్డాడు."

"అంటే?"

"దారిన పోయే పుణ్యాత్ముడెవడో ఆగాడన్నమాట. పక్కన కూర్చుని సాయం పట్టాడు. వాడికి తెలిసే ఉంటుంది, నా కొడుకు తాగలేదని. వాడెవడో దొరికితే ఆ రెండు చేతులూ కళ్లకద్దుకుంటాను."

ఆమె పళ్లెం వైపు చూసింది. నూనెలో రెండు తీగముక్కలు పక్కపక్కనే పడి ఉన్నాయి. ఒకే కంచె తీగ, రెండు ముక్కలు చేసింది. ఒకదాని మెలిక ఇటు తిరిగి ఉంది. రెండోదాని మెలిక అటు తిరిగి ఉంది. ఆమె తన చూపుడువేలు వైపు చూసుకుంది. పొద్దున గేటు దగ్గర గీరుకున్న గీత. దాని మీదే ఇందాకటి గాటు.

చెయ్యి ఎప్పుడో గుర్తుపట్టింది. మనసే ఆలస్యం చేసింది.

ఆమె వంగి, ఆ రెండో తీగను తీసి గుప్పిట్లో పెట్టుకుంది. ఎందుకు దాచుకుందో ఆమెకే తెలియదు.

"నాన్నా, పాత ఇనుమాయన ఉత్తచేతులతో పోతున్నాడేంటి?" అంటూ మరిది లోపలికి వచ్చాడు. చేతిలో టీ ఫ్లాస్కు. ఎత్తిన బానెట్ చూశాడు. నేల మీద చాంబరు చూశాడు. అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయాడు.

"ఒరేయ్ చిన్నోడా, ఇలా రా!" మామగారి గొంతు పిల్లాడి గొంతులా ఉంది. "మీ అన్న తాగలేదురా! ఎవడో నీకు తప్పు చెప్పాడు. నువ్వూ ఆ కంగారులో సరిగ్గా చూసి ఉండవు. ఇదిగో చూడు, వాడి బెల్టు. రాడ్డు కింద వేశాడురా, నా పద్ధతిలో!"

మరిది గుడ్డలోని తోలు వైపు చూశాడు. "అవునా నాన్నా" అన్నాడు. పెదవులు కదిలాయి గానీ ముఖంలో ఇంకేదీ కదల్లేదు. ఫ్లాస్కును ఎక్కడ పెట్టాలో తెలియనట్టు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"అలా కొయ్యబారిపోతావేం? నాకూ మొదట అలాగే అయింది. పో, ముందు ఆ గేటు వేసి రా. ఇంకే బేరగాడూ ఈ షెడ్డులో కాలు పెట్టకూడదు."

అతను ఫ్లాస్కు దించి గేటు వైపు నడిచాడు. ఆమె వెనకాలే వెళ్లింది. అతను రెక్కలు దగ్గరకు లాగి, తీగ దూర్చి, ఎడమచేత్తో మెలిపెట్టడం మొదలుపెట్టాడు. రోజూ చూసే పనే. ఆ మెలిక ఒక్కో చుట్టూ పడుతుంటే ఆమె కదలకుండా చూసింది. ఆ చెయ్యి అన్నం తినేటప్పుడు చూసింది. పాపను ఎత్తుకుని ఆడించేటప్పుడు చూసింది. అన్న పాడె పక్కన కూర్చుని కళ్లు తుడుచుకునేటప్పుడు కూడా చూసింది.

చివరి చుట్టు పడ్డాక ఆమె గుప్పిట విప్పింది. నూనె కారుతున్న తీగముక్కను గేటు తీగ పక్కన పెట్టి పట్టుకుంది.

రెండూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి.

అతను చూశాడు. తల ఎత్తలేదు. గేటు చువ్వను పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి.

"ఎవరో చెప్తే పరిగెత్తానన్నావు" అంది ఆమె. గొంతు పెంచలేదు. "నువ్వు వెళ్లేసరికే అయిపోయిందన్నావు."

వెనక నుంచి మామగారి కేక వినబడింది. "ఒరేయ్, ఆ సాయం పట్టిన మనిషెవరో మనం ఎలాగైనా కనుక్కోవాలిరా!"

మరిది కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"నాన్నకి చెప్పకు వదినా."

"ఇన్నాళ్లూ మీ అన్నను తాగుబోతును చేశావు. మీ నాన్న కొడుకు ముఖం చూడకుండా పంపించేశారు. ఇంకా ఎవరి కోసం దాచమంటావు? నీ కోసమా?"

"'నాన్నకి చెప్పకు' అన్నది నా మాట కాదు." అతను గేటు చువ్వను వదిలాడు. "అన్న అన్నాడు. రోడ్డు మీద, నా ఒళ్లో తల పెట్టుకుని అన్నాడు. తాగాడని చెప్పమన్నది కూడా అన్నే."